సంతకం పెట్టినవారే చదవాలి

టీచరుగారు పోయారని నాకు ఫోన్ చేసి చెప్పింది ఆవిడ ఇంట్లోనే ఉండే సరంగు భార్య. "పొద్దున్నే కాఫీ తెచ్చి లేపితే పలకలేదమ్మా. ఒళ్ళు చల్లబడిపోయింది" అంది. చెప్పిందే మళ్ళీ మళ్ళీ చెప్పింది. చివర్లో కాస్త తమాయించుకుని, "ఆయనకి కబురు చెయ్యాలంటావా?" అని అడిగింది. ఆయనెవరో నాకు తెలుసు. "అక్కర్లేదక్కా, పేపర్లో చూసుకుంటాడు" అన్నాను. ఫోన్ పెట్టేశాకే నాకు ఏడుపొచ్చింది.

బాపట్లలో బండెక్కి, తెనాలిలో దిగి, రేపల్లె పాసింజరు పట్టుకుని వెళ్ళేసరికి ఆ సందంతా జనం. సగం మంది నాలాగే ఆవిడ దగ్గర సివిక్స్ చదువుకున్నవాళ్ళు. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. అమ్మానాన్నలు పోయాక తమ్ముణ్ణి పెంచి పెద్దచేశారు. ఆ తమ్ముడూ లేడు. తలకొరివి ఎవరు పెట్టాలన్న మాట వచ్చేసరికి పాత విద్యార్థులు నలుగురు ముందుకొచ్చి నేనంటే నేనని వాదులాడుకున్నారు. ఆవిడే ఉంటే చేతులెత్తించి ఓటింగ్ పెట్టేసేవారు.

ఆయన పేపర్లో చూసుకోనే చూసుకున్నాడు. పెద్దకర్మ నాడు బంతిపూల దండ పట్టుకుని కారు దిగాడు. రిటైరైనా ఇస్త్రీ మడత నలగలేదు. ఫోటోకి వేసి వెళతానన్నాడు. "గేటు దగ్గర పెట్టి వెళ్ళండి" అన్నాను.

"లోపలికి రాకూడదాండీ?"

"రాకూడదండి."

దండ గేటుకి తగిలించి వెళ్ళిపోయాడు. పక్కింటివాళ్ళ మేక ఒక్క రేకు మిగల్చకుండా నమిలేసింది. మర్నాడు నేనే ఆ మేకకి మోపెడు అవిశాకు తెచ్చి వేశాను. ఆయన అని రాస్తున్నది మర్యాద ఉండి కాదు. ఎంతటివాడినైనా వాడు, వీడు అంటే టీచరుగారు ఊరుకునేవారు కాదు, అందుకని.

సంస్మరణలో పగ ఏంటని అనుకునేవాళ్ళు ఇక్కడితో ఆగిపోవచ్చు. ఆవిడ శాంతం గురించీ క్రమశిక్షణ గురించీ రాసేవాళ్ళు రేపల్లెలో చాలామంది ఉన్నారు. నేను ఆవిడ పగ గురించి రాస్తాను, ఎందుకంటే నేను దగ్గరగా చూసింది దాన్నే. ఆవిడలో అంతకన్నా శుభ్రమైనది ఇంకొకటి నాకు కనిపించలేదు.

బిల్లు ఎలా చట్టమవుతుంది అన్న పాఠం వచ్చిందంటే మా తరగతి గది పార్లమెంటు అయిపోయేది. ముందు బెంచీలు ప్రభుత్వం. కిటికీ పక్క బెంచీలు ప్రతిపక్షం. బిల్లు ఏదో ఒకటి ఆవిడే తెచ్చేవారు. ఒకసారి ఇంటర్వెల్లో తప్ప మంచినీళ్ళు తాగకూడదని తెచ్చారు. గదంతా గోలగోల. అప్పుడు వెనక బెంచీవాళ్ళని లేపి, "మీరు కమిటీ. దీన్ని వరండాలోకి తీసుకెళ్ళి ఒక్కో మాటా చదవండి. ఎవరికి దెబ్బ తగులుతుందో చూసి రండి" అనేవారు. నేను వెనక బెంచీయే. వరండాలో కూర్చుని చదివాకే, జ్వరమొచ్చి మాత్ర వేసుకోవాల్సిన పిల్లకి కూడా నీళ్ళు ఉండవని మాకు తట్టింది. "సభలో అరుస్తారు. కమిటీలో చదువుతారు. మీరు పెద్దయ్యాక చదివేవాళ్ళలో ఉండండి" అని ఆవిడ ఆ రోజు చెప్పారు.

ఇక తమ్ముడి సంగతి. అతను పేరాల మగ్గాల దగ్గర చీరలు కొనుక్కొచ్చి, పెనుమూడి రేవులో కృష్ణ దాటి, అవతలి ఊళ్ళలో ఇల్లిల్లూ తిరిగి అమ్మేవాడు. అప్పటికి వారధి లేదు. మనుషుల్నీ బళ్ళనీ కలిపి దాటించే పంటు ఉండేది. దాన్ని నడిపేవాణ్ణి సరంగు అంటారు. ఒక వరదల కాలంలో, తెల్లవారాక మొదటి పంటు నడిమధ్యలో ఒరిగిపోయింది. చీరల మూటతో పాటు తమ్ముడు పోయాడు. ఇంకా కొందరు పోయారు. సరంగూ పోయాడు.

విచారణ జరిగిందన్నారు. సరంగు తాగి నడిపాడని, అతని నిర్లక్ష్యమే కారణమని పేపర్లో చిన్న వార్త వచ్చింది. టీచరుగారు నమ్మారు. పేపర్లో వచ్చినదాన్నీ ప్రభుత్వం సంతకం పెట్టినదాన్నీ నమ్మమనే కదా మాకు చెప్పింది. ఊళ్ళో అందరూ సరంగు ఇంటి మీద ఉమ్మేశారు. అతని భార్య పెనుమూడి వీధుల్లో తలెత్తి నడవలేకపోయింది. ఆమె ఒకరోజు రేపల్లె వచ్చి టీచరుగారి గుమ్మంలో నిలబడింది. టీచరుగారు తలుపు వేసేశారు. తలుపవతల నుంచి ఆమె ఒకే ఒక్క ప్రశ్న అడిగి వెళ్ళిపోయింది.

"పంటు మీద జీపు ఎక్కించారమ్మా. అది పేపర్లో వెయ్యలేదేంటమ్మా?"

ఆ ప్రశ్న టీచరుగారిని తిననివ్వలేదు. విచారణ నివేదిక ఇవ్వమని తెనాలిలోని ఆఫీసుకి రాశారు. ఏ ఆఫీసో నేను రాయను. రహస్యమని జవాబొచ్చింది. మళ్ళీ రాశారు. ప్రజాప్రయోజనం దృష్ట్యా ఇవ్వడం కుదరదన్నారు. ఆ జవాబు నాకు చూపించి, "నా తమ్ముడు ఎలా పోయాడో నాకు తెలియకపోవడం ప్రజలకి ప్రయోజనమట" అన్నారు. ఆ మాట అనేటప్పుడు ఆవిడ ముఖం చూసి నాకు భయమేసింది. ఆ తర్వాత వెతుక్కుంటూ పెనుమూడి వెళ్ళి, సరంగు భార్యని ఇంటికి పిలుచుకొచ్చారు. తలుపు వేసినందుకు క్షమించమని అడిగారు. ఆమె క్షమించానని చెప్పలేదు. "రిపోర్టు తెప్పించండమ్మా, అప్పుడు మాట్లాడుకుందాం" అంది. అప్పటి నుంచి ఇద్దరూ ఒక ఇంట్లోనే ఉన్నారు. స్నేహితులయ్యారనను. ఒకే పగ పెట్టుకున్న మనుషులయ్యారు, అది ఇంకా గట్టిది.

రిటైరయ్యాక టీచరుగారికి నీటికాసులొచ్చి రెండు కళ్ళూ పోయాయి. ఆదివారాలు నేను వెళ్ళి పేపరు చదివి వినిపించేదాన్ని. ఆవిడ ఒళ్ళో చేట పెట్టుకుని, వేళ్ళతో తడిమి బియ్యంలో రాళ్ళు ఏరుతూ వినేవారు. సినిమా పేజీ నేను తొందరగా దాటిస్తే, "ఏంటమ్మాయ్, మింగేస్తున్నావు?" అనేవారు.

అలాంటి ఒక ఆదివారమే సమాచార హక్కు బిల్లు పార్లమెంటులో స్థాయీ సంఘం అనే కమిటీకి వెళ్ళిందన్న వార్త చదివాను. అభిప్రాయాలున్నవాళ్ళు రాసి పంపవచ్చట. చేటలో చెయ్యి ఆగింది. "బిల్లు మొత్తం తెప్పించు" అన్నారు. బాపట్ల ఇంటర్నెట్ సెంటర్లో ప్రింటు తీయించి తీసుకెళ్ళాను. ఒక్కో క్లాజూ చదివి, తెలుగులో చెప్పి, మళ్ళీ చదవాల్సి వచ్చింది. నా గొంతు పోయింది, ఆవిడ ఓపిక పోలేదు. సరంగు భార్య వంటింటి గుమ్మంలో కూర్చుని వినేది. ఆమెకు అర్థమవుతోందో లేదో అనుకునేదాన్ని.

"రిపోర్టు ఇస్తారు సరే" అంది ఆమె ఒకసారి, "దాన్ని దాచిపెట్టమన్నదెవరో అది కూడా ఇస్తారా?"

టీచరుగారు తల తిప్పి ఆమె వైపుకి ముఖం పెట్టారు. ఆఫీసుల్లో ఒక పద్ధతుంది. బయటికొచ్చే ఉత్తర్వు ఒకటి, లోపల ఫైల్లో ఒకరి కింద ఒకరు రాసుకునే నోట్లు వేరు. గుమస్తా ఏమన్నాడు, పై అధికారి దేన్ని కొట్టేశాడు, ఎవరు ఊరుకున్నారు, అన్నీ ఆ నోట్లలో ఉంటాయి. ఉత్తర్వు మీద సంతకం ప్రభుత్వానిది. నోటు కింద సంతకం మనిషిది. పౌరులకు ఆ నోట్లు కూడా చూసే హక్కు ఉండాలని టీచరుగారు కమిటీకి ఒక పేజీ అభిప్రాయం చెప్పి నా చేత రాయించారు. తమ్ముడి పేరు గానీ పెనుమూడి పేరు గానీ అందులో లేదు. ఎందుకు లేదని అడిగితే, "నా ఏడుపు వాళ్ళకెందుకు? వాళ్ళు చట్టం చూడాలి" అన్నారు. పోస్టులో వేసి వచ్చాక మాత్రం మంచినీళ్ళు తాగి ఇంకో మాట అన్నారు. "నాకు న్యాయం వద్దమ్మాయ్. పగ కావాలి. నా తమ్ముడున్న పంటు మీద జీపు ఎక్కించమన్న మనిషి పేరు కావాలి. అది వాడి నోటితోనే వినాలి."

ఆవిడ నోట వాడు అన్న మాట విన్నది ఆ ఒక్కసారే.

కమిటీ నివేదిక వచ్చినప్పుడు అదీ చదివాను. దేశమంతటి నుంచి ఎందరో రాశారు, అందులో మా కాగితం ఏ మూలన ఉందో తెలియదు. ఆవిడ నొచ్చుకోలేదు. చట్టమయ్యాక అందులో రెండు చోట్ల నన్ను ఆపి మళ్ళీ చదివించుకున్నారు. సమాచారం అంటే ఏమిటో చెప్పేచోట అభిప్రాయాలు, సలహాలు కూడా అని ఉంది. చూపులేనివారు వస్తే రికార్డు తనిఖీకి తగిన సాయం చెయ్యాలని ఇంకోచోట ఉంది. ఆ రెండో దాని దగ్గర ఆవిడ నవ్వారు. కళ్ళు పోయాక అంత హాయిగా నవ్వడం నేను చూడలేదు.

నివేదికా, దాని నోటుఫైలూ తనిఖీ చెయ్యాలని దరఖాస్తు పెట్టారు. ఆ ఆఫీసులో ఏం జరిగిందంటే, ప్రతి ఆఫీసూ సమాచార అధికారిని నియమించాలనేసరికి ఎవరికీ ఆ తలనొప్పి అక్కర్లేదు. కొత్త బరువేదైనా వస్తే రిటైర్మెంటుకి దగ్గరపడ్డవాడి నెత్తిన పెట్టడం అక్కడ అలవాటు. పోయేవాడే కదా, తిట్లు తిని పోతాడని. అలా ఒక పెద్దాయన నెత్తిన పెట్టారు. ఏ ఫైలు అడుగుతారో, అందులో ఎవరి సంతకం ఉందో ఎవరూ చూసుకోలేదు. జీపు ఎక్కించమన్నదీ, నివేదికని దాచమని నోటు రాసిందీ ఆ పెద్దాయనే. ఇది మాకూ అప్పటికి తెలియదు.

ఆయన మమ్మల్ని తిప్పాడు. ఫైలు వెతుకుతున్నామన్నాడు. చెదలన్నాడు. ఈలోగా నోట్లని చట్టంలోంచి తీసేస్తూ సవరణ తెస్తారని పేపర్లో వచ్చింది. దాంతో ఆయన ముఖానికి కళ వచ్చింది. "ఢిల్లీలో మార్చేస్తున్నారటండి. కొన్నాళ్ళాగితే ఈ శ్రమే ఉండదు కదండి" అన్నాడు టీచరుగారితో, ఏదో మేలు చేస్తున్నట్టు.

"మార్చాక చెప్పండి" అన్నారు ఆవిడ. "బిల్లు చట్టం కాదండి. ఈ ముక్క నేను తొమ్మిదో తరగతికి చెప్పేదాన్ని."

బయటికొచ్చాక మాత్రం నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఆ సవరణ సభలో పడితే నోటు ఇక ఎప్పటికీ దొరకదు. ఆ వారమే మా పార్లమెంటు సభ్యుడికీ, తెలిసిన తెలియని ఇంకెందరికో రాయించారు. నేను పనిచేసే స్కూల్లో టీచర్ల చేత నేనూ రాయించాను. ఎవరి మాట పనిచేసిందో గానీ, సవరణ సభ దాకా రాకుండానే ఆగిపోయింది. ఆఫీసుకు గడువు ముగిసింది. పైవాళ్ళకి అప్పీలు పెడతామనేసరికి ఫైలు దానంతటదే దొరికింది.

మేం ముగ్గురం తెనాలి వెళ్ళాం. హాల్లో ఆయన బల్ల ముందు టీచరుగారికి కుర్చీ వేశారు. ఫైలు ఆవిడ ముందుకి తోశాడు ఆయన. "చూసుకోండి మేడమ్."

"నాకు కళ్ళు లేవండి. చదివి వినిపించండి."

"మీతో వచ్చినావిడ ఉన్నారు కదండి, చదువుతారు."

"సాయం చెయ్యాల్సింది మీరండి, మా అమ్మాయి కాదు."

ఆయన గుమస్తాని పిలవబోయాడు. టీచరుగారు చెయ్యి ఎత్తారు. "సమాచార అధికారి మీరు. మీరే చదవండి. చదవనంటే, చదవనని రాసివ్వండి."

ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళకి తెలుస్తుంది. కాదని నోటితో ఎన్నిసార్లైనా అంటారు, రాసివ్వమంటే ప్రాణం పోతుంది. ఆయన చదవడం మొదలుపెట్టాడు. మొదట గొణుగుతున్నట్టు చదివాడు. "వినపడలేదండి" అన్నారావిడ. గొంతు పెంచాడు. చుట్టూ బల్లల దగ్గర చేతులాగిపోయాయి.

జీపు డ్రైవరు ఈదుకుని బయటపడ్డాడట. అతని వాంగ్మూలం ఉంది. అవతలి ఒడ్డున మంత్రిగారి పర్యటన. జీపు ముందుగా చేరాలి. వరద ఎక్కువగా ఉంది, జనంతో పాటు జీపు ఎక్కిస్తే పంటు ఆగదు, వద్దు బాబూ అని సరంగు దణ్ణం పెట్టాడు. ఎక్కించకపోతే రేవు కాంట్రాక్టే ఉండదని అధికారి ఒడ్డున నిలబడి అన్నాడు. ఎక్కించారు. అధికారి ఒడ్డునే ఉండిపోయాడు. ఆ అధికారి హోదా, పేరు చదవాల్సిన చోట ఆయన ఆగాడు.

"ఆపకండి" అన్నారు టీచరుగారు.

తన పేరు తనే చదివాడు. తర్వాతది రేవులో టీ దుకాణంవాడి వాంగ్మూలం. సరంగు వేకువనే తాగి ఉన్నాడని, తాను కళ్ళారా చూశానని. దాని కింద నోటు. టీ దుకాణదారు సాక్ష్యం ఒక్కటే చాలును, డ్రైవరు వాంగ్మూలం, జీపు ప్రస్తావన బయటికి పోనక్కర్లేదు. సంతకం.

"సంతకం ఎవరిదండి?"

ఆయన పేజీ తిప్పబోయాడు. "సంతకం ఎవరిదండి?" అని మళ్ళీ అడిగారు, అదే గొంతుతో.

"నాదేనండి."

"ఇప్పుడు మొత్తం ఇంకోసారి చదవండి. సరంగుగారి భార్య వెనక కూర్చున్నారు. సరిగా విని ఉండరు."

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు జాలి వేయలేదు. ఇంకోసారి చదివాడు. నకళ్ళు తీసుకుని లేస్తుంటే, "అమ్మా, నన్ను..." అని ఏదో అనబోయాడు. "అది ఈ ఫైల్లో లేదండి" అని చెప్పి నా భుజం మీద చెయ్యి వేశారు టీచరుగారు.

ఆయనకు ఏ శిక్షా పడలేదు. ఫిర్యాదులు పెట్టాం. పాత వ్యవహారమని మూసేశారు. శాలువా కప్పించుకుని రిటైరయ్యాడు. అందుకే ఇదంతా ఇక్కడ రాస్తున్నాను. పత్రికవాళ్ళు ఆయన పేరు వెయ్యలేమన్నారు. సరే. రేపల్లె బస్టాండులో ఎవరినైనా అడగండి, ఇంటి గుర్తులతో సహా చెబుతారు. నోట్లు తీసేసే సవరణ మళ్ళీ వస్తుందని ఈమధ్య కూడా అంటున్నారు. వస్తే చదవండి. ఎవరికి దెబ్బ తగులుతుందో మాత్రమే కాదు, ఎవరికి దెబ్బ తప్పుతుందో కూడా చూడండి.

ఆ రోజు తెనాలి నుంచి మేం నేరుగా ఇంటికి వెళ్ళలేదు. రేపల్లెలో దిగగానే టీచరుగారు ఆటో మాట్లాడమన్నారు. పెనుమూడి రేవుకి. సరంగు భార్య వద్దంది. అన్నేళ్ళుగా ఆ రేవులో ఆమె కాలు పెట్టలేదు. "నువ్వు రావాల్సిందే" అన్నారు ఆవిడ.

వారధి మీద బస్సులు పోతున్నాయి. కింద పాత రేవులో పడవలు లేవు గానీ టీ దుకాణం ఉంది, మగవాళ్ళు పదిమంది కూర్చున్నారు. సరంగు భార్యని చూసి మాటలాపారు. ఆమె వాళ్ళ ముందుకి వెళ్ళి నిలబడింది. నేను చదివి పెడదామని నకళ్ళు తీశాను. ఆమె అక్కర్లేదంది. రెండుసార్లు విన్న కాగితం, ఒక్క ముక్క పోకుండా నోటికి చెప్పేసింది. మా ఆయన దణ్ణం పెట్టి వద్దన్నాడు. ఎక్కించమన్నది ఫలానా. తాగాడని చెప్పింది ఇదిగో, ఈయన.

టీ దుకాణంవాడు స్టవ్వు వైపు తిరిగాడు. తర్వాత ఒక గ్లాసు కడిగి, టీ పోసి, రెండు చేతులతో పట్టుకుని దుకాణం దిగి వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

టీచరుగారు నీళ్ళ వైపు ముఖం పెట్టి నిలబడి ఉన్నారు. "ఏంటమ్మాయ్, చప్పుడు లేదు?" అన్నారు.

"టీ తెచ్చి ఇస్తున్నాడండి."

"తీసుకుందా?"

"లేదండి."

"సరే, మనం తొందరేం పడొద్దు. నిలబడనీ" అన్నారు. నిండుగా పోసిన గ్లాసు, టీ అంచు దాటి అతని వేళ్ళ మీదకి కారుతోంది. ఆమె చేతులు కట్టుకుని అలాగే చూస్తోంది.